ప్రజల లెక్కలు, ప్రజల సాఫ్ట్‌వేర్: ప్రభుత్వ పాలనలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉపయోగం

ఉపోద్ఘాతం

ప్రభుత్వం అనగానే శాసనసభ, సచివాలయం, పోలీసు ఠాణా మన కళ్ళ ముందు మెదులుతవి. కాని కొంచెం లోతుగా ఆలోచిస్తే ప్రభుత్వం అనేది ఒక పెద్ద దస్త్రమని తెలుస్తుంది. ఎవరికి ఎంత భూమి ఉన్నది, ఎవరు ఎంత పన్ను చెల్లించారు, ఏ బిడ్డ ఏనాడు జన్మించినది, ఏ కుటుంబానికి ఎన్ని కిలోల బియ్యం రావలెను అనే లెక్కలన్నిటినీ వ్రాసి, భద్రపరచి, అడిగినప్పుడు చూపగలగడమే పాలనకు పునాది. మన పాలనా పదజాలమే దీనికి సాక్ష్యం. దస్తావేజు, జమాబందీ, తహసీలు వంటి మాటలు అరబ్బీ, ఫారసీ, ఉర్దూల గుండా తెలుగు పల్లెలకు చేరి నేటికీ నిలిచి ఉన్నవి. ఇవన్నీ లెక్కలకూ కాగితాలకూ సంబంధించిన మాటలే కావడం గమనార్హం.

పూర్వం గ్రామంలో ఈ లెక్కలు కరణం చేతిలో, తెలంగాణలో పట్వారీ చేతిలో ఉండేవి. వాటిని వ్రాసే పద్ధతి ఆయనకే తెలుసు. చదవగలిగినవాడూ ఆయనే. రైతు తన పొలం లెక్క తాను తెలుసుకోవాలన్నా ఆయన వాకిట నిలబడవలసి వచ్చేది. వంశపారంపర్యంగా వస్తున్న ఈ గ్రామాధికార పదవులను 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రద్దు చేసినది. ప్రజల లెక్కలు ఒక వ్యక్తి ఇంటి పెట్టెలో ఉండరాదన్నది ఆ మార్పు వెనుక ఉన్న భావాలలో ఒకటి.

నేడు ఆ లెక్కలు కంప్యూటరులోకి వచ్చినవి. కంప్యూటరు తనంతట తాను ఏమీ చేయదు. దానికి ఆజ్ఞలిచ్చేది సాఫ్ట్‌వేర్. కనుక పాత ప్రశ్నే కొత్త రూపంలో మన ఎదుట నిలిచినది. ప్రజల లెక్కల పెట్టె నేడు ఎవరి ఇంట ఉన్నది? దాని తాళంచెవి ఎవరి చేత ఉన్నది? ఈ ప్రశ్నకు ప్రపంచంలో కొన్ని ప్రభుత్వాలు చెప్పిన సమాధానాన్ని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అనగానేమి?

ప్రోగ్రాములు వ్రాసేవారు మనుషులు చదవగలిగిన ఒక భాషలో వ్రాస్తారు. దానిని సోర్స్ కోడ్ అంటారు. మనం మూల సంకేతం అనుకుందాం. ఇది యంత్రానికి మాత్రమే అర్థమయ్యే అంకెల రూపంలోకి మారిన తరువాతనే కంప్యూటరుపై నడుస్తుంది. చాలా కంపెనీలు ఈ యంత్రరూపాన్ని మాత్రమే అమ్మి, మూల సంకేతాన్ని తమ వద్ద దాచుకుంటవి. కొన్నవాడు దానిని వాడుకోగలడు గాని, అది లోపల ఏమి చేస్తున్నదో చూడలేడు. తప్పు ఉంటే దిద్దలేడు. వండిన కూర మాత్రమే మన పళ్ళెంలో పడుతుంది, ఏమి వేసి వండినారో చెప్పరు.

ఈ పద్ధతికి ప్రత్యామ్నాయంగా అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ అనే ప్రణాళికను ప్రకటించినాడు. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అనే సంస్థను నెలకొల్పినాడు. 1989లో జి.పి.ఎల్. అనే లైసెన్సు వెలువడినది. 1991లో ఫిన్లాండులోని హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ అనే మూలభాగాన్ని వ్రాసి లోకానికి అందజేసినాడు. గ్నూ పరికరాలు, లినక్స్ కలిసి సంపూర్ణమైన ఆపరేటింగ్ సిస్టమ్‌గా రూపొందినవి. 1998 నుండి ఇటువంటి సాఫ్ట్‌వేర్‌కు ఓపెన్ సోర్స్ అనే పేరు కూడా వ్యాప్తిలోకి వచ్చినది.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు నాలుగు లక్షణాలు చెప్పబడినవి. ఒకటి, ఏ ప్రయోజనానికైనా దానిని వాడుకునే స్వేచ్ఛ. రెండు, అది ఎట్లు పనిచేస్తున్నదో పరిశీలించి, తన అవసరానికి తగినట్లు మార్చుకునే స్వేచ్ఛ. మూడు, ప్రతులు తీసి ఇతరులకు ఇచ్చే స్వేచ్ఛ. నాలుగు, తాను చేసిన మార్పులను ఇతరులతో పంచుకునే స్వేచ్ఛ. ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయవలసి ఉన్నది. స్వేచ్ఛ వేరు, ఉచితం వేరు. పైకం తీసుకోకుండా ఇచ్చే కొన్ని సాఫ్ట్‌వేర్లకు పై స్వేచ్ఛలలో ఒక్కటి కూడ ఉండదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను పైకానికి అమ్మడమూ నిషిద్ధం కాదు.

ప్రభుత్వానికి దీని అవసరం ఏమి?

ఒక వ్యక్తి తన ఇంట ఏ సాఫ్ట్‌వేర్ వాడుకోవాలనేది అతని ఇష్టం. ప్రభుత్వం సంగతి అట్లు కాదు. ఈ భేదాన్ని స్పష్టంగా చెప్పినవారిలో పెరూ దేశపు పార్లమెంటు సభ్యుడు ఎడ్గార్ విల్యానువేవా ముఖ్యుడు. ప్రభుత్వ కార్యాలయాల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాడాలని ఆయన ప్రతిపాదించిన బిల్లుకు మైక్రోసాఫ్ట్ సంస్థ అభ్యంతరం తెలిపినది. 2002లో ఆయన వ్రాసిన ప్రత్యుత్తరం ప్రపంచమంతటా చదవబడినది. అందులో ఆయన వాదానికి ఆధారాలు మూడు. ప్రభుత్వ సమాచారం పౌరునికి అందుబాటులో ఉండాలి. ఆ సమాచారం కలకాలం నిలవాలి, అనగా ఒక కంపెనీ ఉన్నా లేకున్నా చదవగలిగేటట్లు ఉండాలి. రాజ్యానికీ పౌరునికీ భద్రత ఉండాలి. ఖర్చు తగ్గుతుందన్నది ఆయన దృష్టిలో ప్రధాన కారణం కాదు.

పౌరుని భద్రత అనే మాటకు అర్థం బ్రిటన్‌లో జరిగిన ఒక ఘోరం వలన లోకానికి తెలిసినది. అక్కడి తపాలా సంస్థ తన శాఖల లెక్కల కొరకు 1999 నుండి హొరైజన్ అనే కంప్యూటరు వ్యవస్థను ప్రవేశపెట్టినది. ఆ వ్యవస్థలోని లోపాల వలన శాఖలలో లేని లోటు ఉన్నట్లు చూపబడినది. యంత్రం అబద్ధమాడదని నమ్మి, చిన్న చిన్న పోస్టాఫీసులు నడుపుకునే వారిపై దొంగతనం, మోసం అభియోగాలు మోపినారు. 1999-2015 మధ్య 900 మందికి పైగా దోషులుగా నిర్ణయింపబడినారు. కొందరు జైలుకు వెళ్ళినారు, అనేకులు ఆస్తులు, పరువు పోగొట్టుకున్నారు. 2019 డిసెంబరులో న్యాయస్థానం ఆ వ్యవస్థలో లోపాలున్నవని తీర్పు ఇచ్చినది. 2024లో బ్రిటిష్ పార్లమెంటు ప్రత్యేక చట్టం ద్వారా ఆ శిక్షలను కొట్టివేసినది. మూల సంకేతం బహిరంగంగా ఉంటే ఈ అన్యాయం జరిగేదే కాదని ఖచ్చితంగా చెప్పలేము. తపాలా సంస్థ అధికారుల మొండితనం కూడ అందుకు కారణమే. అయినా నిందితుని తరఫు నిపుణుడు ఆ లెక్కల యంత్రం లోపల ఏమున్నదో స్వతంత్రంగా పరిశీలించగలిగి ఉంటే, అతనికి కనీసం ఒక ఆయుధం ఉండేది.

ఈ సమస్య మనకు దూరమైనది కాదు. తెలంగాణలో రద్దయిన దాదాపు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించవలసిందిగా 2022లో సుప్రీంకోర్టు ఆదేశించినది. ఇంటింటికి వెళ్ళి విచారించకుండా, కంప్యూటరు గణన ఆధారంగా కార్డులు తొలగించారన్నది అక్కడ వచ్చిన ఆక్షేపణ. బియ్యం ఆగిపోయిన ఇల్లాలికి ఏ నియమం ప్రకారం తన పేరు పోయినదో తెలియాలి కదా! ఆ నియమం చట్టంలో వ్రాసి ఉంటే గెజెట్‌లో చదువుకోవచ్చు. ప్రోగ్రాములో వ్రాసి ఉండి, ఆ ప్రోగ్రాము మూసి ఉంటే ఎక్కడ చదువుకోవాలి? శాసనం బహిరంగంగా ఉండాలని అంగీకరించిన ప్రజాస్వామ్యం, శాసనాన్ని అమలు చేసే యంత్రం రహస్యంగా ఉండడాన్ని ఎట్లు అంగీకరించగలదు?

కేరళ అనుభవం

మన దేశంలో ఈ మార్గాన చాలా దూరం నడిచిన రాష్ట్రం కేరళ. అక్కడ 2001లో ఐ.టి. ఎట్ స్కూల్ అనే పథకం ఆరంభమైనది. తొలిదశలో పాఠాలు ఒక కంపెనీ ఉత్పత్తులను ఆధారం చేసుకున్నవి. ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు ఒకే కంపెనీ సరుకును అలవాటు చేయడం తగునా అని ఉపాధ్యాయ సంఘాలు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అభిమానులు ప్రశ్నించినారు. క్రమంగా పాఠశాలలన్నీ గ్నూ లినక్స్‌కు మారినవి. 2017లో ఈ పథకం కైట్ అనే ప్రభుత్వ సంస్థగా రూపుదిద్దుకున్నది. రెండు లక్షలకు పైగా పాఠశాల కంప్యూటర్లలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉండడం వలన సుమారు 3,000 కోట్ల రూపాయల లైసెన్సు ఖర్చు తప్పినదని 2019లో ఆ సంస్థ అంచనా వేసినది.

ఈ పొదుపు కంటె ముఖ్యమైన ఫలితం మరొకటి ఉన్నది. మలయాళ పాఠ్యాంశాలకు అనుగుణంగా ఆపరేటింగ్ సిస్టమ్‌ను మలచుకోవడంలో ఉపాధ్యాయులు తామే పాలుపంచుకున్నారు. స్వతంత్ర మలయాళ కంప్యూటింగ్ అనే స్వచ్ఛంద బృందం చక్కని మలయాళ అక్షరరూపాలను తయారుచేసి అందరికీ ఇచ్చినది. 2018లో లిటిల్ కైట్స్ పేరుతో పాఠశాలలలో విద్యార్థి సంఘాలు ఏర్పడినవి. వాడుకునేవారు తయారుచేసేవారుగా మారడమే ఈ ప్రయోగపు అసలు విజయం. ఉపాధ్యాయ శిక్షణకు ముందు ఖర్చు పెట్టి, ఆ తరువాత యంత్రాలు మార్చడం వలననే ఇది సాధ్యమైనదన్న సంగతి మరువరాదు.

మ్యూనిక్ నగరం నేర్పిన పాఠం

జర్మనీలోని మ్యూనిక్ నగర పాలక మండలి 2003లో తన కార్యాలయాల కంప్యూటర్లను లినక్స్‌కు మార్చాలని తీర్మానించినది. నగర మేయరు క్రిస్టియన్ ఊడేను ఒప్పించడానికి మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ స్వయంగా వచ్చినా తీర్మానం మారలేదు. లిముక్స్ అనే పేరుతో ఈ పని 2006లో ఆరంభమై, 2013 నాటికి సుమారు 15 వేల కంప్యూటర్లలో అత్యధిక భాగం మారినవి. కోటి యూరోలకు పైగా ఆదా అయినదని నగర పాలకులు 2012లో ప్రకటించినారు.

అయితే కథ అక్కడితో ముగియలేదు. 2014లో కొత్త మేయరు వచ్చినాడు. ఇతర కార్యాలయాల నుండి వచ్చే పత్రాలు సరిగా తెరుచుకోవడం లేదనీ, పనులు ఆలస్యమవుతున్నవనీ ఉద్యోగుల ఫిర్యాదులు ఎక్కువైనవి. నగరం నియమించిన సలహాదారుల నివేదిక ఈ ఇబ్బందులకు ప్రధాన కారణం సాఫ్ట్‌వేర్ కంటె నగరపు కంప్యూటరు విభాగాల అవ్యవస్థ అని సూచించినది. అయినా 2017లో నగర మండలి తిరిగి విండోస్‌కు మారాలని నిర్ణయించినది. 2020లో కొత్త పాలక కూటమి మళ్ళీ వీలైన చోటల్లా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యం ఇస్తామని ఒప్పందం చేసుకున్నది.

దీనినుండి మనం గ్రహించవలసినది ఏమి? సాఫ్ట్‌వేర్ మంచిదైనంత మాత్రాన పని నెరవేరదు. ఉద్యోగి గోడు వినేవారుండాలి. పొరుగు కార్యాలయాలు కూడ ఒకే బహిరంగ ప్రమాణాన్ని పాటించాలి. అన్నిటికి మించి, పాలకులు మారినా విధానం మారకుండా నిలవాలి. ఫ్రాన్సు దేశపు జాందార్మరీ అనే రక్షకదళం ఇందుకు మంచి ఉదాహరణ. వారు ముందుగా 2005లో పత్రాలు వ్రాసుకునే సాఫ్ట్‌వేర్‌ను, తరువాత వెబ్ బ్రౌజరును, ఈమెయిలును మార్చి, ఉద్యోగులు వాటికి అలవాటు పడిన పిమ్మట 2008 నుండి ఆపరేటింగ్ సిస్టమ్‌ను మార్చడం మొదలుపెట్టినారు. ఆ మార్పు నిలిచినది. జర్మనీలోనే ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం 2024లో సుమారు 30 వేల ప్రభుత్వ కంప్యూటర్లను లిబ్రే ఆఫీసుకు మార్చాలని నిర్ణయించి అదే క్రమాన్ని అనుసరించినది.

భారత ప్రభుత్వ విధానం

కేంద్ర ప్రభుత్వం 2010లో ఈ-పరిపాలన కొరకు బహిరంగ ప్రమాణాల విధానాన్ని, 2015 మార్చిలో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ స్వీకరణ విధానాన్ని ప్రకటించినది. రెండవ విధానం ప్రకారం కేంద్ర ప్రభుత్వ శాఖలు తమ వ్యవస్థలలో ఓపెన్ సోర్స్‌కు ప్రథమ ప్రాధాన్యం ఇవ్వాలి. టెండరు ప్రకటనలో ఓపెన్ సోర్స్‌ను పరిశీలించాలనే షరతు తప్పనిసరిగా ఉండాలి. ఎవరైనా దానిని కాదని మూసిన సాఫ్ట్‌వేర్‌ను ఇవ్వజూపితే అందుకు కారణం చూపాలి. అత్యవసర పరిస్థితులలోను, ప్రత్యేక అవసరాలలోను మినహాయింపుకు అవకాశం ఉన్నది.

ఆచరణలో కొంత ప్రగతి కనిపిస్తున్నది. సీ-డాక్ సంస్థ 2007లో బాస్ అనే లినక్స్ రూపాన్ని భారతీయ భాషలతో విడుదల చేసినది. జిల్లా న్యాయస్థానాల కంప్యూటరీకరణలో ఓపెన్ సోర్స్ వ్యవస్థలు వినియోగంలోకి వచ్చినవి. కరోనా కాలంలో 2020 ఏప్రిల్‌లో వచ్చిన ఆరోగ్య సేతు అనే ఫోను ప్రోగ్రాము పౌరుల కదలికలను గమనిస్తుందన్న సందేహాలు వ్యాపించగా, అదే సంవత్సరం మే నెలలో దాని ఆండ్రాయిడ్ రూపపు మూల సంకేతాన్ని ప్రభుత్వం బహిరంగపరచినది. సందేహం తీరాలంటే తలుపు తెరవాలన్న సూత్రాన్ని ప్రభుత్వమే అంగీకరించినట్లయినది.

వ్యవస్థను నిర్వహించేవారు మారినప్పుడు ఏమి జరుగుతుందన్నది మరొక ప్రశ్న. తెలంగాణలో 2020లో వచ్చిన ధరణి భూరికార్డుల పోర్టలు నిర్వహణ తొలుత ప్రైవేటు సంస్థ చేతిలో ఉండి, 2024 చివర ప్రభుత్వ సంస్థయైన ఎన్.ఐ.సి.కి బదిలీ అయినది. 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చినది. ఇటువంటి ప్రతి బదిలీలోను లక్షలాది రైతుల హక్కులు ముడిపడి ఉంటవి. మూల సంకేతం, సమాచార రూపం మొదటినుండి ప్రభుత్వానివై, బహిరంగ ప్రమాణాలలో ఉంటే ఇల్లు మారినంత సులభంగా లెక్కలు మారుతవి.

కొన్ని అభ్యంతరాలు

మూల సంకేతం అందరికీ తెలిస్తే దొంగలకు కూడ తెలుస్తుంది కదా అని కొందరంటారు. తాళం తయారీ విధానం తెలిసినంత మాత్రాన తాళంచెవి దొరకదు. అయినా తెరిచి ఉంచినంత మాత్రాన భద్రత వస్తుందనుకోవడం కూడ పొరపాటే. ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అనే ప్రోగ్రాము ప్రపంచంలోని అసంఖ్యాక వెబ్‌సైట్ల రహస్యాలను కాపాడుతున్నది. అందులో 2012లో చేరిన హార్ట్‌బ్లీడ్ అనే లోపం 2014 వరకు బయటపడలేదు. అంత ముఖ్యమైన ప్రోగ్రాముపై పూర్తికాలం పనిచేసేవారు అప్పటికి వేళ్ళ మీద లెక్కింపదగినంత మంది కూడ లేరు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్న సామెత ఇట్టివాటిని చూసి పుట్టినదే. 2024 మార్చిలో ఎక్స్.జడ్. అనే మరొక ప్రోగ్రాములో ఎవరో దురుద్దేశంతో ఒక దొంగదారి చొప్పించినారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన యంత్రం అర సెకను ఆలస్యంగా స్పందించడం గమనించి, మూల సంకేతాన్ని శోధించి, దానిని పట్టుకున్నాడు. తెరిచి ఉన్నందున దొంగ ప్రవేశించగలిగినాడు. తెరిచి ఉన్నందుననే పట్టుబడినాడు.

కనుక ప్రభుత్వం ఈ ఉమ్మడి సంపదను వాడుకుంటే చాలదు, దాని పోషణకు తన వంతు ధనం, మనుషులను కేటాయించాలి. జర్మనీ 2022లో ఇందుకొరకు ప్రత్యేక నిధిని ఏర్పాటు చేసినది. లైసెన్సు ఖర్చు మిగిలినదని సంతోషించి, ఆ మిగులును శిక్షణకు, నిర్వహణకు వెచ్చించని ప్రభుత్వం కొంతకాలానికి నష్టపోక తప్పదు.

తెలుగు, ఉర్దూ లిపుల సమస్య

మన రెండు భాషల దృష్ట్యా ఈ విషయం మరింత ముఖ్యమైనది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగు, అరబ్బీ లిపులు చోటు చేసుకున్నవి. అయినా చాలాకాలం మన కార్యాలయాలు, అచ్చుకూటాలు తమ తమ ప్రత్యేక ఫాంట్లలోనే తెలుగు టైపు చేసినవి. అను వంటి ఫాంట్లలో వ్రాసిన పత్రాన్ని ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తవి. అందులో ఒక పేరు వెదకడం సాధ్యం కాదు. ఉర్దూకు నస్తాలీఖ్ సౌందర్యాన్ని కంప్యూటరుపై అందించిన ఇన్‌పేజ్ 1994లో వచ్చి ఎంతో మేలు చేసినది. కాని దాని పాత పత్రాలు కూడ ఇదే విధంగా తమ సొంత రూపంలో బందీలైనవి. పాత పత్రాన్ని మార్చుకోలేని చోట మరల టైపు చేయవలసిందే.

నేడు ఈ నిర్బంధం తొలగినది. దేశికాచారి రూపొందించిన పోతన ఫాంటు, లోహిత్, రామభద్ర, సూరన్న, మండలి మొదలైన తెలుగు ఫాంట్లు, నోటో నస్తాలీఖ్ ఉర్దూ ఫాంటు స్వేచ్ఛా లైసెన్సులతో అందరికీ లభిస్తున్నవి. హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ అనే సంస్థ విద్యార్థుల సహాయంతో ఆపరేటింగ్ సిస్టమ్‌ను తెలుగులోకి తెచ్చే కృషి చేసినది. ఒక కంపెనీ తనకు లాభం లేదనుకుంటే ఒక భాషను వదిలివేయవచ్చు. మూల సంకేతం చేతిలో ఉంటే ఆ భాష మాట్లాడేవారే దానిని నిలబెట్టుకోగలరు. ఉర్దూ 2017 నుండి తెలంగాణ అంతటా, 2022 నుండి ఆంధ్రప్రదేశ్ అంతటా రెండవ అధికార భాష. ఆ హోదా కాగితంపై మిగిలిపోకుండా ఉండాలంటే ప్రభుత్వ వ్యవస్థలు కుడినుండి ఎడమకు వ్రాసే లిపిని కూడ సరిగా స్వీకరించాలి. ఉర్దూలో వ్రాసిన అర్జీని కంప్యూటరు తీసుకోకపోతే అధికార భాష అన్న మాటకు విలువ ఏమున్నది?

ముగింపు

పై పరిశీలన వలన తేలే సారాంశం ఇది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సర్వరోగ నివారిణి కాదు, ఖర్చు లేనిదీ కాదు. అయితే ప్రజల లెక్కలు ప్రజల ఆధీనంలో ఉండడానికి, తరతరాలు నిలవడానికి, తప్పు జరిగినప్పుడు నిలదీయడానికి అవకాశమిచ్చే మార్గం అదే. ప్రజల సొమ్ముతో తయారైన సాఫ్ట్‌వేర్ ప్రజలదే కావాలన్నది న్యాయమైన కోరిక.

ఈ సంస్కరణ సచివాలయంలోనే మొదలు కావాలని లేదు. కళాశాల కూడ ఒక చిన్న ప్రభుత్వం వంటిదే. దానికీ ప్రవేశ పట్టికలు, మార్కుల జాబితాలు, గ్రంథాలయ సూచికలు ఉన్నవి. మన కమిటీ పెద్దలు మూడు చిన్న పనులు ఆలోచింపగలరు. కళాశాల పత్రాలను, ఈ సంచిక తెలుగు, ఉర్దూ విభాగాలను యూనికోడ్‌లో, బహిరంగ పత్ర ప్రమాణంలో భద్రపరచడం మొదటిది. గ్రంథాలయానికి కోహా అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను పరిశీలించడం రెండవది. న్యూజిలాండులోని ఒక చిన్న గ్రంథాలయ సంస్థ కొరకు 1999లో తయారైన కోహా నేడు లోకమంతటా వాడుకలో ఉన్నది. ప్రయోగశాలలో కొన్ని కంప్యూటర్లపై లినక్స్ ఉంచి, ఆసక్తిగల విద్యార్థులకు అప్పగించడం మూడవది.

విద్యార్థి సోదర సోదరీమణులు ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. లినక్స్‌ను ఆరంభించినవాడు కూడ ఆనాటికి మీవలె ఒక విద్యార్థియే. మీరు ఒక ప్రోగ్రాములోని పది వాక్యాలను తెలుగులోకో ఉర్దూలోకో అనువదించినా, ఒక లోపాన్ని గుర్తించి తెలియజేసినా, అది రేపు ఏదో ఒక కార్యాలయపు కిటికీ ముందు అర్జీ పట్టుకుని నిలిచిన పేదవానికి ఉపకరించవచ్చు. చదువుకున్నవారు చదువులేనివారికి అర్జీలు వ్రాసిపెట్టడం మన ఊళ్ళలో పూర్వంనుండి ఉన్న సేవ. ఈ కాలానికి తగిన అట్టి సేవ ఇదే.